టీకి వెళ్లినవాళ్లు

"టీ కథ నేను చెప్తాను. నువ్వు మధ్యలో దూరకు," అన్నాడు లియోనల్, ఉడికించిన గుడ్డు నెత్తి మీద చెంచాతో కొడుతూ.

బెరిల్ అప్పటికే అతని మాత్రలు డబ్బీలో సర్దింది. రొట్టె అంచులు అతనికి పడవు కాబట్టి అవి కోసేసి గుడ్డు శాండ్‌విచ్‌లు కట్టింది. ఫ్లాస్కులో టీ పోసింది. ఇప్పుడు వంటింటి గడప దగ్గర కూర్చుని అతని బూట్లకు పాలిష్ పెడుతోంది. సీఫర్డులో తొమ్మిది గంటల రైలు అందుకుంటే తప్ప మధ్యాహ్నంలోగా లండన్ చేరలేరు. చేరాక సోహోలో ఒక రికార్డింగ్ గదికి వెళ్లాలి. నలభై ఏళ్ల కిందట వాళ్లిద్దరూ చేసిన "హాలోమార్ష్ పెళ్లికూతురు" అనే దెయ్యం సినిమాను ఎవరో మరకలన్నీ తుడిచి, కొత్తగా డిస్కు వేస్తున్నారట. సినిమా నడుస్తూ ఉంటే దర్శకుడూ కథానాయికా పక్కపక్కన కూర్చుని, ఇది ఇలా తీశాం, అది అలా తీశాం అని కబుర్లు చెప్పాలి. కొనుక్కున్నవాళ్లకు ఆ కబుర్లు సినిమాతో పాటు వినిపిస్తాయి. దర్శకుడు లియోనల్ ప్రౌట్. కథానాయిక బెరిల్. తెర మీద మాత్రం ఆమె పేరు ఇసొల్డా వేన్. ఆ పేరు కూడా లియోనల్ పెట్టిందే.

"నీకు ఆ కథ చెప్పడం రాదు బెరిల్. ఆగకూడని చోట ఆగిపోతావు. ఆగితే చచ్చింది."

"ఉప్పు కావాలా?" అంది బెరిల్.

ఆ కథ వినని దెయ్యం సినిమాల అభిమాని ఇంగ్లండులో ఉండడు. సినిమా చివర పెళ్లికూతురిని బతికుండగానే పాతిపెడతారు. ఆమెకు శవపేటికలో మెలకువ వస్తుంది. ఆ షాటు కోసం బెరిల్‌ను పేటికలో పడుకోబెట్టి, మూత పెట్టి, నిజం మేకులే కొట్టారు. సరిగ్గా అప్పుడు నాలుగైంది. స్టూడియోలోకి టీ బండి వచ్చింది. ఆ రోజుల్లో టీ వేళంటే దేవుడు దిగివచ్చినా ఆగవలసిందే. యూనియన్ మనిషి ఈల ఊదగానే గోడకు రంగు వేసేవాడు కుంచె డబ్బాలో వదిలేస్తాడు, నిచ్చెన ఎక్కినవాడు దిగిపోతాడు. అలాగే అందరూ టీకి పోయారు. బన్నులు తిన్నారు, క్రికెట్ మాట్లాడుకున్నారు. రెండో కప్పు సగంలో ఉండగా లియోనల్‌కు గుర్తొచ్చిందట, మన పెళ్లికూతురేదీ అని. పరుగెత్తుకెళ్లి మూత ఊడబీకితే, బెరిల్ లేచి కూర్చుని, "నాకు రెండు చెంచాల చక్కెర," అందట.

ఇక్కడ అందరూ నవ్వాలి. నలభై ఏళ్లుగా నవ్వుతున్నారు కూడా. ఏడాదికి రెండుసార్లు ఏదో ఒక ఊళ్లో, ఏదో ఒక హోటల్ హాల్లో అభిమానుల మేళా జరుగుతుంది. బెరిల్‌కు ఒక బల్లా, ఒక కుర్చీ, ముందు తన పాత ఫోటోల దొంతరా. నల్ల చొక్కాలు వేసుకున్న మగవాళ్లు వరుసలో వస్తారు. ఇరవై నాలుగేళ్లప్పటి ఆమె ఫోటోలో జాకెట్టు ఎక్కడిదాకా జారిందో అక్కడే సంతకం పెట్టమంటారు. చాలామంది మంచివాళ్లే, పాపం. "చక్కెర మాట అద్భుతమండీ. ఎంత గుండె ధైర్యం మీది," అంటారు. ఆ తరువాత ఎవరో ఒకరు తప్పకుండా, "ఒక్కసారి ఆ కేక వేయండి మేడం, మా ఆవిడకు వినిపిస్తాను," అని ఫోను పైకెత్తుతారు. అరవై నాలుగేళ్ల బెరిల్ మోకాళ్ల మీద దుప్పటి సర్దుకుని, తివాచీ పరిచిన హోటల్ హాల్లో, పట్టపగలు, అడిగినవాడికల్లా అరుస్తుంది. చప్పట్లు కొడతారు. పక్క బల్ల దగ్గర లియోనల్ గర్వంగా తల ఊపుతాడు, తన కుక్క చెప్పగానే షేక్‌హ్యాండ్ ఇచ్చినట్టు.

చక్కెర మాట ఆమె అనలేదు. అసలు ఏ మాటా అనలేదు. అప్పటికి ఆమెకు గొంతు లేదు. పెళ్లిగౌను తడిసిపోయి ఉంది. బట్టలు చూసుకునే ముసలామె గబగబా దుప్పటి కప్పి, తల నిమిరి, "ఎవరూ చూడలేదులే తల్లీ," అంది. ఈ ముక్క కథలో ఉండదు. ఎందుకంటే ఇది నవ్వు తెప్పించదు.

రైల్లో లియోనల్ కిటికీ పక్కన కూర్చున్నాడు. ఎప్పుడూ అతనే కూర్చుంటాడు. లూయిస్ స్టేషను దాటకముందే శాండ్‌విచ్ అడిగాడు. అది ఇచ్చి, మోకాళ్ల మీద చేతిరుమాలు పరిచి, మీసం మీద పడ్డ గుడ్డు తుడిచింది బెరిల్. కథ మొదటిసారి చెప్పిన రోజు ఆమెకు గుర్తొచ్చింది. అదీ ఒక తిండి బల్ల దగ్గరే. లియోనల్ తల్లి ఇంట్లో ఆదివారం భోజనం. ఆ నెలాఖరుకు పెళ్లి. పుట్టింట్లో, హాలిఫాక్సులో, బెరిల్ తల్లి మూడు అంతస్తుల కేకు చేయించి, రమ్ము పోస్తూ నానబెడుతోంది. లియోనల్ కథ చెప్పాడు, చక్కెర మాట అక్కడికక్కడే అల్లి కలిపాడు. పెద్ద మిసెస్ ప్రౌట్ నవ్వి నవ్వి కళ్లు ఒత్తుకుని, "మూత పెట్టాక నోరు మూసుకోవడం తెలిసిన పిల్ల దొరికిందిరా నీకు. నీ అదృష్టం," అంది. తరువాత బెరిల్ వైపు తిరిగి, "నటి అంటే భయపడ్డానమ్మాయ్. నువ్వు పరవాలేదు. ఆ బంగాళాదుంపల గిన్నె ఇటు ఇయ్యి," అంది. బెరిల్ గిన్నె ఇచ్చింది. నవ్వింది కూడా. ఒకసారి నవ్వితే ఇక ఆ కథ మనదైపోతుందని, దాన్ని మనమే మోయాలని అప్పుడు ఆమెకు తెలియదు.

ఆ తరువాత మోయనిది ఏముంది కనుక. ముప్పై దాటాక కోరలు పెట్టుకునే వేషాలు కూడా రావడం మానేశాయి. "నీ మొహంలో భయం తగ్గిపోయింది," అన్నాడు లియోనల్, అదేదో ఆమె చేసిన తప్పయినట్టు. అప్పటినుంచి అతని స్క్రిప్టులు టైపు చేసింది. అందులో సగం మాటలు తనే రాసింది. పాడుబడ్డ చర్చీలు వెతకడానికి వానలో కారు నడిపింది. నిర్మాతలకు గొర్రెమాంసం వండిపెట్టింది. వాళ్లు, "మీ ఆవిడ వంట బాగుంది లియోనల్," అని అతనికి చెప్పి వెళ్లిపోయేవారు. ఏ సినిమాలోనూ ఆమె పేరు పడలేదు. ఒకసారి అడిగితే, "మనిద్దరిలో ఎవరి పేరు పడితే ఏంటి?" అన్నాడు. ఈ మనిద్దరం అనే మాట లియోనల్‌కు చాలా ఇష్టం. అంతకుముందు, ఆమె ఇంకా వేషాలు వేసే రోజుల్లో, మంచుపడే జనవరిలో ఆమె సరస్సు సీను రెండుసార్లు తీశారు, ఇక్కడి సెన్సారు కోసం గౌనుతో ఒకసారి, బయటి దేశాల కోసం గౌను లేకుండా ఇంకోసారి. అప్పుడూ అంతే. "వాళ్లు అడుగుతున్నారు బెరిల్, మనదేం పోయింది?" అన్నాడు, రెండు స్వెట్టర్ల మీద ఉన్ని కోటు వేసుకుని.

సోహోలో ఆ భవనానికి లిఫ్టు ఉంది. బెరిల్ మెట్ల వైపు తిరిగింది. లియోనల్ ఒక చేత్తో కర్రా, ఇంకో చేత్తో ఆమె భుజమూ పట్టుకుని, అడుగడుక్కీ తిట్టుకుంటూ కింది అంతస్తుకు దిగాడు. గుమ్మంలో క్లైవ్ రిడౌట్ ఎదురొచ్చాడు. ఒకప్పుడు కెమిస్ట్రీ పాఠాలు చెప్పేవాడు, ఇప్పుడు దెయ్యం సినిమాల మీద పుస్తకాలు రాస్తాడు. కబుర్లు నడిపించేది అతనే. చేతులు నలుపుకుంటూ, చర్చిలో పాదిరి ముందు నిలబడినట్టు నిలబడ్డాడు.

గది చిన్నది. తలుపు పరుపంత మందం.

"ఆ తలుపు కొంచెం తెరిచి ఉంచుతారా?" అంది బెరిల్.

"బయటి చప్పుడు వస్తుందండీ మిసెస్ ప్రౌట్..."

"ఆవిడకు అదొక జబ్బు," అన్నాడు లియోనల్ కుర్చీలో కూలబడుతూ. "ఇంట్లో స్నానాల గదికి కూడా గడియ పెట్టదు. గ్యాస్ మనిషి వచ్చినప్పుడు ఎంత గొడవైందో చెప్పనా?"

క్లైవ్ మర్యాదకు నవ్వాడు. తలుపు మూసి, "గడియ వేయలేదండీ, దగ్గరగా మాత్రం వేశాను," అని బెరిల్‌కు మాత్రమే వినబడేట్టు చెప్పాడు. మైకుల పక్కన ఎర్ర దీపం వెలిగింది. తెర మీద పొగమంచూ, గుర్రబ్బండీ, కోటా వచ్చాయి.

లియోనల్ మాట్లాడుతూనే ఉన్నాడు. కోట అట్టతో చేసిందనీ, గబ్బిలాన్ని తనే తోలుముక్కతో కుట్టాననీ చెప్పాడు. కుట్టింది బెరిల్. తెర మీద ఇసొల్డా పెదవులు కదిలాయి. తీయటి, మెత్తటి, రాణిగారి గొంతు ఒకటి పలికింది. అది బెరిల్ గొంతు కాదు. షూటింగ్ అయ్యాక లియోనల్ ఆమె మాటలన్నీ తీసేసి, మార్జరీ అనే ఇంకొక నటిచేత చెప్పించాడు. "నీ మొహం జమీందారు కూతురిది, నోరు మాత్రం ఉన్ని మిల్లుది," అన్నాడు. నిజమే, ఆమె నాన్న ఉన్ని మిల్లులోనే పనిచేశాడు. ఆ మిల్లు జీతంతోనే ఆమెకు నాటకం పాఠాలు చెప్పించాడు. సినిమా హాలిఫాక్సుకు వచ్చినప్పుడు కోటు వేసుకుని, టోపీ పెట్టుకుని మొదటి ఆటకు వెళ్లాడు. ఇంటికొచ్చి, "బాగుందే. కానీ నువ్వు మాట్లాడలేదేంటి?" అన్నాడు. సినిమా మొత్తంలో మార్జరీ చేయలేకపోయింది ఒక్కటే. ఆ కేక. ఎన్నిసార్లు అరిచినా కుదరలేదట. అందుకని అది మాత్రం బెరిల్‌దే ఉంచేశారు.

"మిసెస్ ప్రౌట్, మీకు ఏమనిపిస్తోంది ఇది మళ్లీ చూస్తుంటే?" అన్నాడు క్లైవ్.

"ఆవిడకు చలి గుర్తుంటుంది," అన్నాడు లియోనల్. "ఆడవాళ్లకు ఎప్పుడూ చలే."

బెరిల్ తలుపు పిడి వైపు చూస్తూ కూర్చుంది. గడియ వేయలేదని తెలిసినా వీపు మీద చెమట కారుతోంది. ఇంక అరగంట, ఇంక పావుగంట, తరువాత టీ కథ, నవ్వు, రైలు, అతని రాత్రి మాత్రలు. ఇదొక్కటీ గడిస్తే చాలనుకుంది. అలా అనుకునే ఇన్నేళ్లూ గడిపింది.

తెర మీద పేటిక వచ్చింది.

మూత అదురుతోంది. లోపల నుంచి దబదబమని చప్పుడు. చెక్క ఒక పక్కన చిట్లింది. ఆ సందులోంచి మూడు వేళ్లు బయటికి వచ్చి గాలిలో తడుముకున్నాయి. గోళ్లు విరిగి ఉన్నాయి. వేళ్ల మీద రక్తం జారుతోంది. అప్పుడు కేక మొదలైంది. కొత్తగా శుభ్రం చేశారు కదా, పాత టీవీల్లో ఎప్పుడూ వినబడనిది కూడా ఇప్పుడు వినబడింది. కేక చివర చిన్నగా, పిల్లి కూనలాంటి ఏడుపు ఒకటి ఉంది. బెరిల్ తన కుడిచేతిని ఎడమచేతితో పట్టుకుంది. ఉంగరపు వేలి గోరు ఇప్పటికీ వంకరగానే పెరుగుతుంది.

"అబ్బ," అన్నాడు క్లైవ్. "ఒకటి అడగాలి సార్. మిగతా సినిమా అంతా రక్తం టమాటా రసంలా ఉంటుంది, ఏమీ అనుకోకండి. ఇక్కడ ఒక్కచోటే నిజం రక్తంలా ఉంది. దేంతో చేశారు?"

"అది మాత్రం చెప్పను," అన్నాడు లియోనల్, కన్ను గీటి. "వంటవాడు మసాలా చెప్తాడా? అసలు ఈ షాటు వెనక కథ ఉంది. ఆ రోజు మేకులు కొట్టగానే నాలుగైంది. టీ బండి వచ్చింది..."

చెప్పుకుంటూ పోయాడు. ఈల. కుంచె డబ్బాలో పెట్టినవాడు. బన్నులు. బెరిల్‌కు ఆ ఈల చెక్కలోంచి వినబడింది. ఆ తరువాత అడుగుల చప్పుడు, నవ్వులు, అన్నీ దూరమైపోవడం. మొదట ఆమె అరవలేదు. హాలిఫాక్సులో పెంపకం అలాంటిది. "క్షమించండి," అని పిలిచింది. "క్షమించండి, నేనింకా ఇక్కడే ఉన్నాను. మీకు శ్రమ కాకపోతే..." వదిలిన ఊపిరే మళ్లీ మొహానికి వేడిగా తగులుతోంది. క్షమించండి అని ఇంకోసారి అంది. వాళ్లు ఆమెను పెట్టెలో పెట్టి మేకులు కొట్టి పోతే, క్షమాపణ ఆమె చెప్పింది. ఇప్పుడు ఇరవై నాలుగేళ్ల ఆ పిల్లను తలుచుకుంటే బెరిల్‌కు ఒళ్లు మండిపోయింది. ఆ పిల్ల మీద కాదు. పెళ్లికి ముందు, సినిమా మొదటి ప్రదర్శనలో, చీకట్లో కూర్చుని ఈ మూడు వేళ్లను తెర మీద చూసినప్పుడే ఆమెకు అంతా అర్థమైంది. కారులో అడిగింది. "చూడు, నీకు నటన రాదని నాకు తెలుసు, నీకూ తెలుసు. ఆ ఒక్క షాటే నీకు జీవితాంతం తిండి పెడుతుంది. ఏడుపు మొహం పెట్టి పాడుచేయకు," అన్నాడు లియోనల్. చాలా ఏళ్లకు కెమెరామాన్ ఆల్ఫ్, ఎవరి అంత్యక్రియల్లోనో తాగి వచ్చి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "మాచేత బూట్లు విప్పించాడమ్మా. చప్పుడు కాకూడదని సాక్సులతో నిలబెట్టాడు," అని ఏడ్చాడు. బెరిల్ అతన్ని ఓదార్చింది. అతన్ని కూడా ఆమే ఓదార్చింది.

"...మూత తీస్తే మా ఆవిడ లేచి కూర్చుని ఏమందో తెలుసా?" అన్నాడు లియోనల్. నవ్వు కోసం కొంచెం ఆగాడు. ఎక్కడ ఆగాలో అతనికి బాగా తెలుసు.

బెరిల్ మైకు ముందుకు జరిగింది.

"అందరూ టీకి వెళ్లారు కదా లియోనల్," అంది. "మరి కెమెరా ఎవరు నడిపారు?"

తెర మీద మూడు వేళ్లు ఇంకా తడుముకుంటూనే ఉన్నాయి. క్లైవ్ నవ్వడానికి తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది. అతను ఈ సినిమా మీద రెండు పుస్తకాలు రాశాడు. టీ కథ రెండింటిలోనూ ఉంది. ఈ షాటు బొమ్మ రెండింటికీ అట్ట మీద ఉంది.

"క్లైవ్, వెనక్కి వెళ్లు. ఇది మళ్లీ చేద్దాం," అన్నాడు లియోనల్.

"ఆ రక్తం దేంతో చేశారని అడిగారు కదండీ," అంది బెరిల్, క్లైవ్‌తో. ఆమె గొంతు హాలిఫాక్సు గొంతే, ఉన్ని మిల్లు గొంతే. "నాతో చేశారు. చక్కెర గురించి నేనేమీ అనలేదు. ఈయన, ఆల్ఫ్, సౌండతను సాక్సులు వేసుకుని చెయ్యి చాపితే అందేంత దూరంలో నిలబడ్డారు. నేను పిలుస్తుంటే విన్నారు."

"అది తీసెయ్ క్లైవ్. ఆవిడకు వయసు మీద పడింది, ఏదేదో కలిపేసుకుంటుంది."

"తీయకండి. ఈ సినిమా అంతా నా నోట్లోంచి ఇంకొకామె మాట్లాడింది. కేక ఒక్కటే నాది. ఆ కేకకు అర్థం కూడా నా నోటితోనే చెప్పాను. ఉంచండి."

క్లైవ్ లియోనల్‌ను చూశాడు. తరువాత బెరిల్ చేతిని, ఆ వంకర గోరును చూశాడు. ఎర్ర దీపం ఆర్పే మీట అతని వేలి కిందే ఉంది. వేలు నెమ్మదిగా వెనక్కి తీసుకున్నాడు.

లియోనల్ గొంతు మార్చాడు. ఇంట్లో వాడే గొంతు, బతిమాలుతున్నట్టు ఉంటూనే పని చెప్పే గొంతు. "నలుగురూ వినేదాంట్లో ఇదేం పని బెరిల్. మనిద్దరి మధ్య విషయం. నీకు తలనొప్పిగా ఉన్నట్టుంది. ఆ ఫ్లాస్కు ఇటు ఇయ్యి, టీ తాగి హాయిగా మొదలుపెడదాం."

ఆమె ఫ్లాస్కు మూత తీయలేదు. అలాగే అతని ముందు పెట్టింది. మాత్రల డబ్బీ తీసి దాని పక్కన పెట్టింది. లేచి కోటు వేసుకుని, అద్దం లేకపోయినా టోపీ సరిగ్గా సర్దుకుంది. వీధి చివర అద్దాల కిటికీ ఉన్న టీ దుకాణం ఒకటి వచ్చేటప్పుడు చూసింది. అక్కడ తను ఆర్డరిస్తే ఇంకొకరు తెచ్చిపెడతారు. ఆ తరువాత రైలు, ఒక టికెట్టు, కిటికీ పక్కన సీటు. దిగేది సీఫర్డులో కాదు, హాలిఫాక్సులో.

"ఎక్కడికి?" అన్నాడు లియోనల్.

"టీకి."

"మరి నేను? నేనొక్కణ్నీ ఇంటికి ఎలా వెళ్లను? బెరిల్, నిన్నే. నేనిక్కడ ఇలా ఎంతసేపు కూర్చోవాలి?"

బెరిల్ గుమ్మం దాటి, వెనక్కి తిరిగి, ఆ పరుపంత తలుపు పిడి పట్టుకుంది. నలభై ఏళ్లలో ఆమె తన చేత్తో ఏ తలుపూ పూర్తిగా మూయలేదు.

"పిలుస్తూ ఉండు లియోనల్," అంది. "ఎవరో ఒకరు టీ తాగి వస్తారు."

తలుపు గట్టిగా మూసింది.